నలభై ఆరో టోకెన్

గుడిపాల దాటినాక పల్ప్ ఫ్యాక్టరీ.
గేటు నుంచి రోడ్డు మలుపు దాకా ట్రాక్టర్లు,
ట్రాక్టర్ల నిండా తోతాపురి,
కాయల మీద వేపమండలు,
మండల మీద మూడు రాత్రుల దుమ్ము.

నేను వేబ్రిడ్జి గదిలో టోకెన్లు రాసేదాన్ని.
రాత్రి పదకొండుకు కాటా ఆపి
ఫ్లాస్కు మూత తీస్తాంటే
నలభై ఆరో టోకెన్ కాడ నవ్వులు.

చెంగల్రాయుడి కొడుకు పురంధర్, డిప్లొమా పిల్లోడు.
ఫోనులో ఒక మంచిమాట రాస్తాడు, ఎవరికీ చూపీడు.
మిషను బొమ్మ గీస్తాది.
బొమ్మను చూసి మాట చెప్పాల.
చెప్పలేనోళ్ళు టీ ఇప్పీయాల.

మొదటిది సులువు.
పడవకు బండి చక్రాలు, బండికి తెరచాప.
"ఓడలు బళ్ళు, బళ్ళు ఓడలు!"
ట్రాలీ కింద పండుకున్నోళ్ళు కూడా అరిచినారు.

రెండోదాంట్లో చీకటి.
ఒకడు దీపం పట్టుకోని గట్టు మీద పోతాండాడు,
పట్టుకున్న చేతికి ఆరు వేళ్ళు.
"గోరంత దీపం, కొండంత వెలుగు" అన్నాడొకాయన.
"మనసుంటే మార్గం" అన్నాడు యాదమరి డ్రైవరు.
బొజ్జమ్మ ఫోను గుంజుకోని చూసి,
"ఏముందిబ్బా, కరెంటు రాత్రి రెండుకిచ్చినారు,
మోటారెయ్యను పోతాండాడు" అనింది.
పిల్లోడు అది తప్పన్నాడు,
టీ మాత్రం ఆమెకే ఇప్పించినాడు.

మూడోది.
చెట్టు కింద ముసలాయన, చేతిలో పండు,
ఆపిలంత ఎరుపు, నున్నగా గుండ్రంగా.
"మామిడికాయేనా ఇది? ముక్కేదిరా?"
"మిషనుకు మన కాయ తెలీదు పెదనాయినా."
పదహారో నంబరు తులసిరాం
బీడీ ఆర్పి, నిదానంగా, సరిగ్గా చెప్పినాడు:
"ఓర్చుకుంటే పండు తీపి."

గెలిచినోడు కూడా నవ్వలేదు.
ట్రాలీ పలకల సందులో నుంచి
రసం బొట్టుబొట్టుగా తారు మీదికి కారతాండాది.
ఓర్చుకున్న కాయల వాసన,
తీపిని దాటిపోయిన తీపి.
చీమలకు మాత్రం టోకెన్ అక్కర్లేదు.

నేను గేటు కడ్డీలకు ఆనుకోని చూస్తాండాను.
ఏ మాట ఇచ్చినా ఆ మిషనుకు ఒకటే కొండ.
దీపం ఉన్న చీకట్లో కూడా
ఒక మూల తెల్లారతానే ఉంటాది.
మనుషులకు చెమట పట్టదు,
ఒక్కరి చెప్పూ తెగి ఉండదు.

"మేడమ్, మీరొక మాట రాయండి" అన్నాడు.
నాకు మంచిమాటలు రావు.
కడ్డీల సందులో నుంచి ఫోను తీసుకోని
రోజూ చెప్పేదే రాసినాను.

బొమ్మ వచ్చింది.
కొండ. బంగారు పొద్దు.
బార్లా తెరిచిన పెద్ద తలుపు,
దాని ముందర చేతులు చాచిన మనుషులు,
అందరి మొహాల మీదా వెలుగు.

"ఆశే శ్వాస."
"కష్టే ఫలి."
"నమ్మినోడు చెడిపోడు."
"ప్రతి పొద్దూ కొత్త పొద్దే" అన్నాడు డ్రైవరు,
ఆవలిస్తా.
నేను తల అడ్డంగా ఊపతానే ఉండాను.

బొజ్జమ్మ బొమ్మను చూడలేదు.
నన్ను చూసింది.
"ఇయ్యాల్టికి కాటా అయిపోయింది, రేపు రండి."
"ఏందవ్వా?"
"అదే మాట. మూడు దినాలుగా
ఈమె నోట్లో నుంచి వచ్చేది అదొక్కటే."

ఎనిమిది టీలు.
డబ్బులు నేనే ఇచ్చినాను.
చిల్లర వద్దన్నా
టీ అబ్బాయి లెక్కబెట్టి చేతిలో పెట్టినాడు.
"ఆ బొమ్మ తీసెయ్యి నాయినా" అంటే,
"బలే ఉండాది మేడమ్, స్టేటస్ పెట్టుకుంటా"
అన్నాడు పురంధర్, మెల్లిగా.

పొద్దున ఆరుకు గేటు తీసినాను.
కొండల మీద ఎండ బూడిద రంగులో వచ్చింది.
ముందర బండి దగ్గి, పొగ వదిలి, లోపలికి పోయింది.
నలభై ఆరు
ఒక బండంత జరిగి
మళ్ళా ఆగింది.